హిప్నాసిస్ చేయించుకోవాలా? చేయించుకుంటే దేనికి, ఎవరి దగ్గర?

మా పిన్నికి పదేళ్లుగా కడుపు బాధ. తిన్న అరగంటకే ఉబ్బరం, మెలిపెట్టే నొప్పి. ఒక వారం విరేచనాలు, ఇంకో వారం మలబద్ధకం. ఏదైనా పెళ్లికి వెళ్లాలంటే ముందు అక్కడ బాత్రూమ్ ఎక్కడుందో ఫోన్ చేసి కనుక్కునేది. ఎండోస్కోపీ, కొలనోస్కోపీ, స్కానింగ్ అన్నీ అయ్యాయి. రిపోర్టులన్నీ నార్మల్. చివరికి ఒక గ్యాస్ట్రో డాక్టరు గారు దీన్ని ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) అంటారని చెప్పి, ఏడాదికి పైగా మందులు మార్చి మార్చి చూశాక, "హిప్నోథెరపీ కూడా ఒక దారి ఉంది, ఆలోచించండి" అన్నారు.

ఆ మాటకి ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కో రకంగా కంగారుపడ్డారు. "నిద్రపుచ్చి ఏం వాగిస్తారో ఏమో" అని బాబాయి. "వశీకరణం లాంటిదా?" అని అమ్మమ్మ. మా అక్క ఏమో గత జన్మ రహస్యాలు చెబుతామనే ప్రకటన ఒకటి వాట్సాప్‌లో పంపింది. ఎవరి మాట వినాలో తెలియక పిన్ని నన్ను అడిగింది. నాకూ తెలియదు. అప్పుడు చదివి, నలుగురినీ అడిగి, ఒకసారి మోసపోయి కూడా తెలుసుకున్నదే ఇప్పుడు రాస్తున్నాను. ఇలాంటి చోటే ఆగిపోయినవాళ్లకు పనికొస్తుందని నా ఆశ.

ఎంచుకునే ముందు: అసలు ఇదేమిటి?

ఇక్కడ అపోహ ఉంటే ఎంపికే తప్పుతుంది. అందుకే దీని గురించి కాస్త ఎక్కువే రాస్తున్నాను.

హిప్నాసిస్ నిద్ర కాదు. ఈ గందరగోళం పేరులోనే ఉంది. మాంచెస్టర్‌లో పనిచేసిన జేమ్స్ బ్రెయిడ్ అనే స్కాట్లాండ్ సర్జన్ 1840లలో గ్రీకుల నిద్రాదేవత హిప్నోస్ పేరు మీద ఈ మాటను వాడుకలోకి తెచ్చాడు. ఇది నిద్ర కాదు, ఒకే ఆలోచన మీద మనసు నిలవడం అని తర్వాత ఆయనకే అనిపించి పేరు మార్చాలని చూశాడు. అప్పటికే పాత పేరు జనం నోట నానిపోయింది. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్‌లో హిప్నాసిస్ విభాగం 2014లో ఇచ్చిన నిర్వచనం కూడా దాదాపు ఇదే చెబుతుంది: ధ్యాస ఒకచోట చేరుతుంది, చుట్టుపక్కల సంగతులు పలచబడతాయి, చెప్పిన సూచనకు స్పందించే గుణం పెరుగుతుంది. మంచి నవలలో మునిగిపోయినప్పుడు కుక్కర్ విజిల్ వినబడుతుంది కానీ పట్టించుకోం కదా, దానికి దగ్గరగా ఉంటుంది.

మాటల్లో నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే ఒకటి చేసి చూడండి. జానెడు దారానికి ఉంగరం కట్టండి. మోచేయి బల్ల మీద ఆనించి, రెండు వేళ్లతో దారం కొస పట్టుకుని ఉంగరాన్ని వేలాడదీయండి. చెయ్యి కదపొద్దు. ఉంగరం ముందుకూ వెనక్కూ ఊగుతున్నట్టు మనసులో గట్టిగా ఊహించుకోండి. చాలామందికి కాసేపట్లో అది నిజంగానే ఊగడం మొదలవుతుంది. ఇప్పుడు గుండ్రంగా తిరుగుతున్నట్టు ఊహించుకోండి, మెల్లగా దారి మారుతుంది. ఇందులో ఏ శక్తీ లేదు. మనకు తెలియకుండానే వేళ్ల కండరాలు ఊహకు తగ్గట్టు సన్నగా కదులుతాయి. ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త షెవ్రల్ 1833లోనే దీన్ని వివరించాడు. ఊహ శరీరాన్ని కదిలిస్తుందనే ఈ చిన్న సత్యం మీదే హిప్నోథెరపీ నిలబడి ఉంది. ఇంకోటి కూడా గమనించండి: ఊహించింది మీరే, వద్దనుకుంటే ఆపగలిగేదీ మీరే.

వశీకరణం భయానికి జవాబు కూడా అదే. హిప్నాసిస్‌లో ఉన్న మనిషికి తెలివి ఉంటుంది, మాటలు వినబడతాయి, ఇష్టం లేని సూచనను వదిలేయగలడు. అందులోనే ఇరుక్కుపోయి బయటికి రాకపోవడం అంటూ ఉండదు. చేసేవారు మధ్యలో లేచి వెళ్లిపోయినా, కాసేపటికి మనంతట మనమే కళ్లు తెరుస్తాం, లేదా మామూలుగా నిద్రపోయి లేస్తాం. "బస్టాండ్‌లో ఎవరో హిప్నటైజ్ చేసి గాజులు తీసుకుపోయారు" అని వింటుంటాం. మాటల్లో పెట్టి, కంగారు పెట్టి, దృష్టి మళ్లించి చేసే మోసం అది. మత్తు కలిపిన పదార్థం ఏదైనా ఇచ్చి ఉంటే అది ఇంకో నేరం. పరిచయం లేని మనిషి కళ్లలోకి ఒక్క చూపు చూసి మన చేత నగలు తీయించే విద్య హిప్నాసిస్‌లో లేదు.

మన దగ్గర చాలామంది దీన్ని మొదట చూసేది స్టేజీ మీదే. కాలేజీ వార్షికోత్సవంలో కుర్రాళ్లు కోళ్లలా కూయడం, ఉల్లిపాయను ఆపిల్ అనుకుని కొరకడం. ప్రదర్శకుడు ముందు అందరితో చిన్న పరీక్షలు చేయించి, బాగా స్పందించేవాళ్లనే పైకి పిలుస్తాడు. ఎక్కినవాళ్లకు తామూ ఆటలో భాగమేనని తెలుసు, కింద వందలమంది చూస్తున్నారని కూడా తెలుసు. వినోదంగా చూస్తే తప్పు లేదు. క్లినిక్‌లో మాత్రం అలా ఉండదు.

నార్కో పరీక్షతో కూడా కలపొద్దు. అందులో మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. అనుమతి లేకుండా అలాంటి పరీక్షలు చేయకూడదని సుప్రీంకోర్టు 2010 మే నెలలో సెల్వి కేసులో తీర్పు చెప్పింది. హిప్నాసిస్‌లో మందు ఉండదు, నిజాన్ని కక్కించే గుణమూ ఉండదు. అందులో ఉండి అబద్ధం చెప్పొచ్చు, మౌనంగా ఉండొచ్చు. బాబాయి భయం అక్కడే తీరిపోయింది.

దేన్ని బట్టి తేల్చుకోవాలి

నేను నాలుగు ప్రశ్నలు పెట్టుకున్నాను. మన సమస్యకు హిప్నాసిస్ పనిచేస్తుందనే ఆధారం ఉందా? చేసే మనిషి ఎవరు? డబ్బు, సమయం ఎంత? తేడా వస్తే ఎంత నష్టం?

వీటిలో బరువైనది రెండోదే. హిప్నాసిస్ ఒక పద్ధతి, దానంతట అది వైద్యం కాదు. కత్తి పట్టడం వచ్చినంత మాత్రాన సర్జన్ అయిపోరు కదా. అందుకే "ఈయనకు హిప్నాసిస్ రాకపోయినా నా జబ్బుకు వైద్యం చేయగల అర్హత ఉందా?" అని మనల్ని మనం ప్రశ్నించుకోవాలి. లేదనిపిస్తే అక్కడ ఆగిపోవాలి. మన దేశంలో హిప్నోథెరపిస్ట్ అని బోర్డు పెట్టుకోవడానికి ప్రత్యేకమైన లైసెన్సు ఏదీ లేదు. క్లినికల్ సైకాలజిస్టుకు మాత్రం ఆర్‌సీఐ, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉండాలి. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత ఆ విభాగంలో పీజీ చేసి, మెడికల్ కౌన్సిల్‌లో పేరు నమోదైన డాక్టరు. ఈ రెండూ నంబరు అడిగి చూసుకోదగినవి.

ఇంకో సంగతి మన చేతిలో ఉండదు. అందరూ ఒకేలా స్పందించరు. హిప్నాసిస్‌కు ఎంత స్పందిస్తారో కొలవడానికి అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో 1959లో తయారైన కొలమానాల కాలం నుంచి చూస్తున్నదేమిటంటే, సుమారు 100 మందిలో 10 నుంచి 15 మంది చాలా బాగా స్పందిస్తారు, దాదాపు అంతే మంది చాలా తక్కువగా, మిగతావాళ్లు మధ్యస్థంగా. ఇది మనోబలం తక్కువై కాదు, తెలివి తక్కువై అంతకన్నా కాదు. ఒకే మనుషులను 25 ఏళ్ల తర్వాత మళ్లీ పరీక్షించినా ఈ గుణం పెద్దగా మారలేదు. మూడు నాలుగు సెషన్లకు మీకు ఏమీ అనిపించకపోతే మీ తప్పని బాధపడకండి. మీకు సరిపడే దారి ఇంకోటి ఉంటుంది.

దారులు ఒక్కచూపులో

| దారి | దేనికి | అర్హత చూసుకోవచ్చా | డబ్బు, సమయం | జాగ్రత్త |
|---|---|---|---|---|
| సైకియాట్రిస్ట్ లేదా క్లినికల్ సైకాలజిస్ట్ చేసే హిప్నోథెరపీ | ఐబీఎస్, నొప్పి, ఆపరేషన్ భయం, ఆందోళన | చూసుకోవచ్చు | వారాల తరబడి వెళ్లాలి | అందరికీ పనిచేయదు |
| సర్టిఫికెట్ కోర్సు మాత్రమే చేసినవారు | రిలాక్సేషన్ వరకు | కష్టం | ప్యాకేజీల పేరుతో ముందే అడుగుతారు | అసలు జబ్బు మరుగునపడొచ్చు |
| యాప్‌లు, ఆడియోలు | నిద్రకు ముందు, పరీక్షల ముందు టెన్షన్ | అవసరం తక్కువ | చవక, రోజూ 15–20 నిమిషాలు | డ్రైవింగ్‌లో వద్దు |
| గత జన్మ రిగ్రెషన్ (హిప్నాసిస్‌లో పోయిన జన్మను గుర్తుచేస్తామనడం) | వైద్యంగా ఆధారం లేదు | లేదు | ఖరీదు | కల్పిత జ్ఞాపకాలు |
| హిప్నాసిస్ లేకుండా సీబీటీ (ఆలోచనలు, అలవాట్లు మార్చే మాటల చికిత్స), మందులు | ఆందోళన, డిప్రెషన్, ఫోబియా, నిద్రలేమి | చూసుకోవచ్చు | నెలలు పట్టొచ్చు | మందులు మధ్యలో ఆపొద్దు |

అర్హత ఉన్నవారి దగ్గర హిప్నోథెరపీ

ఐబీఎస్‌కు దీని ఆధారం గట్టిది. మాంచెస్టర్‌లో పీటర్ వోర్వెల్ బృందం 1984లో మందులకు లొంగని 30 మంది మీద చేసిన పరీక్షను లాన్సెట్ అనే వైద్య పత్రిక ప్రచురించింది. హిప్నోథెరపీ తీసుకున్నవాళ్లు చెప్పుకోదగ్గంతగా కోలుకున్నారు. 12 నెలల మందులకు తగ్గని ఐబీఎస్‌కు మానసిక చికిత్సల్లో ఒకటిగా హిప్నోథెరపీని చూడమని బ్రిటన్ మార్గదర్శకాలు కూడా చెబుతాయి. పేగుకూ మెదడుకూ మధ్య నరాల రాకపోకలు ఎక్కువ. టెన్షన్ వస్తే కడుపులో తిప్పడం మనందరికీ అనుభవమే. ఐబీఎస్ ఉన్నవాళ్లలో ఆ సంకేతాలు అవసరానికి మించి గట్టిగా వినబడుతుంటాయి. వాటి జోరు తగ్గించడమే ఈ సెషన్ల పని.

ఒక హెచ్చరిక. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, 50 దాటాక కొత్తగా మొదలైన మార్పు ఉంటే ముందు పరీక్షలు చేయించుకోవాల్సిందే. అవన్నీ అయ్యాకే ఈ మాట.

పిన్నితో నేనూ వెళ్లాను కాబట్టి సెషన్ ఎలా ఉంటుందో చెప్పగలను. మొదటి రోజు అసలు హిప్నాసిస్ చేయలేదు. సైకాలజిస్ట్ మేడమ్ గంటసేపు పాత రిపోర్టులు చూసి, ప్రశ్నలు అడిగి, పిన్ని అనుమానాలన్నీ తీర్చారు. రెండో వారం కుర్చీలో వెనక్కి ఆని కూర్చోమని, గోడ మీద ఒక చుక్కను చూడమన్నారు. రెప్పలు బరువెక్కాక మూసుకోమన్నారు. ఊపిరిని లెక్కపెట్టించారు. తర్వాత పిన్ని అరచేతిని పొట్ట మీద పెట్టించి, ఆ వెచ్చదనం లోపలికి దిగుతోందని నెమ్మదిగా చెబుతూ పోయారు. ప్రవాహం ఏదైనా ఒకటి మనసులో చూడమంటే, పిన్ని వాళ్ల ఊరి పంట కాలువను ఎంచుకుంది. గుర్రపు డెక్క అడ్డుపడినచోట తొలగిస్తే నీళ్లు సాఫీగా పారుతున్నట్టు మేడమ్ ఆ కాలువతోనే సూచనలు అల్లారు. బయట ఆటో హారన్లు వినబడుతూనే ఉన్నాయని పిన్ని తర్వాత చెప్పింది. ఇంట్లో రోజూ వినమని రికార్డింగ్ ఇచ్చారు. మొత్తం ఎనిమిది సెషన్లు. సాధారణంగా 7 నుంచి 12 దాకా పడతాయి. బాధ పూర్తిగా పోలేదు. మొన్న పెళ్లికి వెళ్లినప్పుడు మాత్రం బాత్రూమ్ సంగతి అడగకుండానే పందిట్లో కూర్చుంది.

ఆ కాలువ వల్లే నాకు భాష ఎంత ముఖ్యమో తెలిసింది. సూచన మనం ఆలోచించే భాషలో ఉండాలి. అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉన్న తెలుగువాళ్లు, ముఖ్యంగా పిల్లల దగ్గరికి వెళ్లిన పెద్దలు, అక్కడ ఇంగ్లిష్‌లో తంటాలు పడేకంటే ఇక్కడి అర్హత ఉన్న వారితో వీడియో కాల్‌లో తెలుగులో చేయించుకోవడం మంచిదని నా అభిప్రాయం.

నొప్పి విషయంలో దీనికి పాత చరిత్రే ఉంది. 1845లో బెంగాల్‌లోని హుగ్లీలో జేమ్స్ ఎస్డైల్ అనే సర్జన్ మెస్మరిజంతో, అంటే హిప్నాసిస్‌కు పాత రూపంతో, పెద్ద పెద్ద కణుతుల ఆపరేషన్లు చేశాడు. మరుసటి ఏడాదే బోస్టన్‌లో ఈథర్ అనే మత్తుమందు వచ్చింది, జనం అటు మళ్లారు. ఇప్పుడు మత్తుమందుకు బదులుగా కాదు, తోడుగా వాడుతున్నారు. బెల్జియంలోని లీజ్ ఆసుపత్రిలో 1992 నుంచి లోకల్ అనస్థీషియాకు హిప్నాసిస్ కలిపి ఆపరేషన్లు చేస్తున్నారు. సూదికి భయపడే పిల్లల్లో నొప్పి తగ్గించడానికి కూడా పనికొస్తుందని పరిశోధనల్లో తేలింది.

సర్టిఫికెట్ బోర్డులు

మేం మోసపోయింది ఇక్కడే. మేడమ్ దొరకకముందు, నగరంలో ఒక సెంటర్‌కు వెళ్లాం. గోడ నిండా ఫ్రేములు కట్టిన సర్టిఫికెట్లు. పిన్ని రిపోర్టులు తెరిచి కూడా చూడలేదు. పది సెషన్ల డబ్బు ముందే కట్టమన్నారు, "గ్యారంటీ" అన్నారు, మాత్రలు ఆపేయమన్నారు. రెండో సెషన్‌లోనే పోయిన జన్మలో కడుపులో కత్తిపోటు తగిలిందని చెప్పారు. పిన్ని ఆ రాత్రి నిద్రపోలేదు. కట్టిన డబ్బు తిరిగి రాలేదు.

అలాంటి కోర్సులు చేసినవాళ్లంతా చెడ్డవాళ్లని నేను అనను. ఓపిగ్గా విని, మనసు తేలికపడేలా చేసేవాళ్లూ ఉంటారు. కానీ జబ్బు ఉన్నప్పుడు మనకు కావలసింది దాన్ని గుర్తుపట్టగలిగిన మనిషి. గ్యారంటీ, మందులు ఆపమనడం, మొత్తం డబ్బు ముందే అడగడం, ఈ మూడింట్లో ఏ ఒక్కటి వినబడినా లేచి వచ్చేయండి.

గత జన్మ రిగ్రెషన్

పునర్జన్మ మీద మీ నమ్మకం గురించి నేనేమీ అనడం లేదు. వైద్యంగా దీన్ని ఎంచుకోవడం గురించే మాట్లాడుతున్నాను. జ్ఞాపకం వీడియో టేపు కాదు, తలచుకున్న ప్రతిసారీ కొత్తగా అల్లుకుంటుంది. హిప్నాసిస్‌లో ఊహ జోరుగా ఉంటుంది కాబట్టి ఆ అల్లికలో కల్పన సులువుగా కలుస్తుంది. గుర్తొచ్చినవాటి మీద నమ్మకం పెరుగుతుంది, నిజం మాత్రం పెరగదు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1985లోనే ఈ సంగతి హెచ్చరించింది. అక్కడ చాలా రాష్ట్రాల కోర్టులు హిప్నాసిస్‌లో తెప్పించిన సాక్ష్యాన్ని ఒప్పుకోవు, లేదా గట్టి షరతులు పెడతాయి. గత జన్మే కాదు, "చిన్నప్పుడు జరిగింది మర్చిపోయారు, బయటికి తీస్తాం" అనేవాళ్ల దగ్గరా ఇదే ప్రమాదం. జరగని సంఘటన జరిగిందని నమ్మి, సొంతవాళ్లతో సంబంధాలు తెంచుకునే పరిస్థితి వస్తుంది. ఈ దారి ఎవరికీ నేను చెప్పను.

యాప్‌లు, ఆడియోలు

హిప్నాసిస్ అంతా ఒక రకంగా సెల్ఫ్ హిప్నాసిస్సే కాబట్టి రికార్డింగ్ విని చేసుకోవడంలో వింతేమీ లేదు. రాత్రి మనసు కుదుటపడటానికి, ఇంటర్వ్యూ ముందు టెన్షన్ తగ్గడానికి బాగానే ఉంటుంది. గొంతు, యాస నచ్చకపోతే మార్చేయండి, చికాకు పెట్టే గొంతుతో ధ్యాస నిలవదు. బండి నడుపుతూ, పొయ్యి మీద పాలు పెట్టి వినకండి. రెండు మూడు వారాలైనా తేడా లేకపోతే మనిషినే కలవాలి.

ఎవరికి ఏది

పరీక్షల టెన్షన్‌తో ఉన్న ఇంటర్, నీట్ పిల్లలకు: ఆడియో, ఊపిరి అభ్యాసంతో మొదలుపెట్టండి. హిప్నాసిస్‌తో జ్ఞాపకశక్తి పెరిగి ర్యాంకు వస్తుందనే ప్రకటనలకు డబ్బు పెట్టొద్దు. చదవనిది గుర్తు రాదు. పిల్లలు తినడం, మాట్లాడటం మానేస్తే ఇది టెన్షన్ దాటిన సంగతి, డాక్టరు దగ్గరికే వెళ్లాలి.

సిగరెట్ మానాలనుకునేవారికి: ఒక్క సెషన్‌తో మాన్పిస్తామనే మాట నమ్మకండి. 2019లో కాక్రేన్ సంస్థ పరిశోధనలన్నీ కలిపి చూసి, మిగతా పద్ధతుల కంటే హిప్నాసిస్ మెరుగని చెప్పడానికి తగిన ఆధారం లేదని తేల్చింది. నికోటిన్ గమ్ లేదా ప్యాచ్, డాక్టరు సలహా, కౌన్సెలింగ్ ముందు. అవి చేస్తూ దీన్ని తోడు పెట్టుకుంటానంటే సరే.

లిఫ్ట్ భయం, కుక్క భయం లాంటి ఫోబియాలకు: భయపడేదాన్ని కొంచెం కొంచెంగా ఎదుర్కొనేలా చేసే సీబీటీ పద్ధతే మొదటిది. మొదటి అడుగు కూడా వేయలేనంత భయమైతే, అదే సైకాలజిస్ట్ హిప్నాసిస్‌తో మనసును నెమ్మదింపజేసి మొదలుపెట్టొచ్చు. ఎన్నాళ్లుగానో నిద్ర పట్టని వారికి కూడా నిద్రలేమి కోసమే రూపొందించిన సీబీటీ ముందు.

ఎవరివో గొంతులు వినబడుతున్నాయి, ఎవరో వెంటాడుతున్నారు అనేవారికి హిప్నాసిస్ వద్దు. సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లాలి, ఆలస్యం చేయకూడదు. చచ్చిపోవాలనే ఆలోచనలు వస్తున్నా అంతే.

డబ్బు ఇబ్బంది ఉన్నవారు ప్రైవేటు సెంటర్ల చుట్టూ తిరిగే ముందు హైదరాబాద్ ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, విశాఖలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, లేదా దగ్గర్లోని ప్రభుత్వ మెడికల్ కాలేజీ సైకియాట్రీ ఓపీలో చూపించుకోండి. హిప్నోథెరపీ అక్కడే దొరకకపోయినా, మీకు అది కావాలా వద్దా అనే సంగతి అర్హత ఉన్నవారు చెబుతారు. ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416కు ఫోన్ చేయండి. డబ్బు ఖర్చు లేదు, రాత్రి వేళైనా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.